ఫోటోలు, వీడియోలు ఎంచుకునే స్క్రీన్: గ్యాలరీ మొత్తం అడగకుండా ఎలా చేయాలి?

విభాగం: మొబైల్ యాప్‌ల తయారీ | గుంటూరు, విజయవాడ సభ్యులు

ప్రత్తిపాడు_మిర్చి | జనవరి 17, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. బ్రాడీపేటలో ఒక చిన్న ఆఫీసులో ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు రాసే పనిముట్టు) మీద పని చేస్తున్నాను. మా ఊళ్లో మిర్చి వేసే 40 మంది రైతుల కోసం రాత్రిపూట ఒక యాప్ రాస్తున్నాను. యాప్ చేసే పని చిన్నదే. కాయ కల్లంలో ఉండగానే రైతు నాలుగైదు ఫోటోలు, ఒక చిన్న వీడియో పెడతాడు. యార్డులో అతనికి అలవాటైన కమీషన్ ఏజెంటు వాటిని చూసి ఇంకా ఎండాలో, ఇప్పుడే తేవచ్చో, రేటు ఎలా నడుస్తోందో చెబుతాడు. ప్రస్తుతం మావాళ్లు మచ్చు కాయలు సంచిలో వేసుకుని బస్సెక్కి గుంటూరు వస్తారు, నాలుగు కొట్లు తిరుగుతారు, ఒక రోజు పని పోగొట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరతారు. మా నాన్న 30 ఏళ్లుగా అదే చేస్తున్నారు.

ఇబ్బంది ఫోటోలు ఎంచుకునే దగ్గర వచ్చింది. ఒక గ్యాలరీ ప్లగిన్ (రెడీమేడ్ కోడ్ ముక్క) వేసి, ఫోన్లో ఉన్న ఫోటోలన్నీ గళ్లుగళ్లుగా చూపించే స్క్రీన్ నేనే కట్టాను. సంక్రాంతికి ఊరెళ్లి మా బాబాయి ఫోన్లో వేసిచ్చాను. ఫోటోలు, వీడియోలకు పర్మిషన్ అడిగే పాప్-అప్ రాగానే ఆయన ఆగిపోయాడు. "నేను పంపేది మిరపకాయల ఫోటో. నా ఫోన్లో ఉన్నవన్నీ నీ యాప్‌కి ఎందుకురా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. యాప్‌ను నా ముందే తీసేశాడు.

ఇంకో రెండు సంగతులు. ప్లే స్టోర్‌కు యాప్‌లు పంపే ప్లే కన్సోల్‌లో యాప్ పెట్టబోతే ఫోటో, వీడియో పర్మిషన్ ఎందుకో వివరణ ఇవ్వమని ఫారం వచ్చింది. మా నాన్నగారి ఫోన్ 3 జీబీ ర్యామ్‌ది, దాంట్లో ఎంచుకున్న ఫోటోలు పదికి చేరేసరికి యాప్ దానంతట అదే మూసుకుపోతోంది.

సరైన పద్ధతి ఏమిటో చెప్పండి. ఫిబ్రవరిలో కాయ జోరందుకుంటుంది, ఆ లోపు వాళ్ల చేతిలో పెట్టాలని ఉంది.

బెంజిసర్కిల్ | జనవరి 17, రాత్రి 11:03

తమ్ముడూ, మీ బాబాయిగారు వేసిన ప్రశ్నకు జవాబు లేదంటే ఆ పర్మిషనే అక్కర్లేదని అర్థం. నేను 12 ఏళ్లుగా ఆండ్రాయిడ్ మీదే ఉన్నాను, మొదట్లో నేనూ నీలాగే సొంత గ్యాలరీ స్క్రీన్లు కట్టాను. ఇప్పుడు ఒక్కటి కూడా కట్టను.

ఫోటోలు ఎంచుకునే స్క్రీన్‌ను ఫోనే ఇస్తుంది. ఆండ్రాయిడ్ 13తో, అంటే 2022లో, ఫోటో పికర్ వచ్చింది. ఆ స్క్రీన్ నీ యాప్‌లో భాగం కాదు, సిస్టమ్‌ది. రైతు అందులో తన ఫోటోలన్నీ చూసుకుంటాడు, నీ యాప్‌కి మాత్రం ఏదీ కనపడదు. అతను ఎంచుకున్న నాలుగింటికి మాత్రమే చదివే హక్కు నీకు వస్తుంది. అందుకే పర్మిషన్ పాప్-అప్ అసలు రాదు. ఇంటికొచ్చిన వాడు బీరువా తాళం అడగకుండా, ఇంటాయన లోపలికెళ్లి కావాల్సిన కాగితం తెచ్చి చేతిలో పెట్టినట్టు.

పాత ఫోన్ల సంగతి కూడా చెబుతాను. 11, 12 వెర్షన్లకు ఈ పికర్ సిస్టమ్ అప్‌డేట్ల ద్వారా చేరింది. 4.4 నుంచి 10 దాకా, 11, 12 గో ఎడిషన్ (తక్కువ మెమరీ ఫోన్ల కోసం చేసిన ఆండ్రాయిడ్) ఫోన్లకూ గూగుల్ ప్లే సర్వీసెస్ ద్వారా వచ్చే పికర్ ఉంది. దానికి మానిఫెస్ట్‌లో (యాప్‌కు ఏమేం కావాలో రాసే ఫైల్లో) ఒక చిన్న సర్వీస్ ఎంట్రీ పెట్టాలి. అదీ దొరకని ఫోన్లో మామూలు ఫైళ్లు ఎంచుకునే స్క్రీన్ తెరుచుకుంటుంది. దానికీ పర్మిషన్ అక్కర్లేదు.

ఫ్లట్టర్‌లో నీకు కావాల్సింది ఇమేజ్ పికర్ ప్లగిన్. ఫోటోలూ వీడియోలూ కలిపి తీసుకోవాలంటే పిక్ మల్టిపుల్ మీడియా అనే ఫంక్షన్ ఉంది, ఎన్ని దాకా అన్నది లిమిట్‌తో చెప్పొచ్చు. ఆండ్రాయిడ్ 13, ఆపైన అది సిస్టమ్ పికర్‌నే తెరుస్తుంది. 12, అంతకన్నా పాతవాటిలో కూడా అదే కావాలంటే యూజ్ ఆండ్రాయిడ్ ఫోటో పికర్ అన్న సెట్టింగ్‌ను ట్రూ చెయ్యి. పాత ప్లగిన్ తీసెయ్.

ప్లే కన్సోల్ ఫారం కూడా దీనికోసమే. ఎప్పుడో ఒకసారి ఫోటో కావాల్సిన యాప్ పికరే వాడాలని గూగుల్ ప్లే నియమం. మొత్తం గ్యాలరీ చదివే రీడ్ మీడియా ఇమేజెస్, రీడ్ మీడియా వీడియో పర్మిషన్లు ఫోటో ఎడిటర్, గ్యాలరీ యాప్‌ల వంటి వాటికే. ఎంచుకున్న వాటికే అనుమతి ఇచ్చే వీలు ఆండ్రాయిడ్ 14 ఆ పర్మిషన్ పాప్-అప్‌లో కూడా పెట్టింది. కానీ నీకు ఆ పాప్-అప్ అవసరమే లేదు.

ఆటోనగర్_గేర్ | జనవరి 17, రాత్రి 11:41

బెంజిసర్కిల్ అన్నా, మీ మాట కాదనను కానీ నా అనుభవం వేరుగా ఉంది. మాది లారీలు, కార్ల రిపేరు ఎస్టిమేట్ల యాప్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ మీదకు వచ్చినప్పుడు మా షెడ్డు నిండా మునిగిన బండ్లే. ఒక్కో బండికి 30, 40 ఫోటోలు: ఇంజన్ బే, సీట్ల కింద బురద, నంబర్ ప్లేటు, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గీత. ఓనర్లలో చాలామంది ఇల్లు మునిగి బంధువుల ఇళ్లలో ఉన్నారు. ఫోటోలు కొన్ని వాళ్లు తీసినవి, కొన్ని వాట్సాప్‌లో ఎవరో పంపినవి. తేదీలవారీగా, ఫోల్డర్లవారీగా మేం కట్టిన సొంత స్క్రీనే అప్పుడు ఆదుకుంది. సిస్టమ్ పికర్‌లో మన ఇష్టం వచ్చినట్టు అమర్చలేం కదా?

బెంజిసర్కిల్ | జనవరి 18, ఉదయం 6:50

గేర్, ఆ వారం మీరంతా పడిన కష్టం నాకు తెలుసు. మా తోడల్లుడి కారు కూడా ఆ నీళ్లలోనే ఉంది. అయినా ఆ పనికి కూడా పికర్ సరిపోతుంది. ఒక్కసారికి 100 దాకా ఎంచుకోవచ్చు. తేదీల వరుసలోనే చూపిస్తుంది, ఆల్బమ్స్ ట్యాబ్ వేరే ఉంది.

వాట్సాప్‌లో వచ్చిన వాటికి ఇంకా మంచి దారి ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. ఫోటో చూస్తూ షేర్ నొక్కితే వచ్చే జాబితాలో నీ యాప్ కూడా కనపడేలా మానిఫెస్ట్‌లో ఫిల్టర్ పెట్టు. ఒకటి కాకుండా అనేకం పంపడానికి సెండ్ మల్టిపుల్ యాక్షన్ ఉంది. ఓనర్ ఆ వాట్సాప్ చాట్‌లోనే 20 ఫోటోలు ఎంచుకుని షేర్‌లో నీ యాప్ నొక్కుతాడు. దీనికీ పర్మిషన్ అక్కర్లేదు. పైగా అది అందరి చేతికీ అలవాటైన పని.

ఆటోనగర్_గేర్ | జనవరి 18, ఉదయం 7:15

షేర్ జాబితా సంగతి నాకు తట్టలేదు. ఈ వారమే పెట్టి చూస్తాను.

లక్ష్మీపురం_సుధ | జనవరి 18, ఉదయం 9:20

ఐఫోన్ వైపు నేను చెబుతాను. మీ ఊరి రైతుల దగ్గర ఐఫోన్లు తక్కువే ఉండొచ్చు, కానీ వాళ్ల పిల్లల దగ్గర ఉంటాయి, ఫోటో తీసేది చాలాసార్లు పిల్లలే.

యాపిల్ 2020లో ఐఓఎస్ 14తో పీహెచ్ పికర్ ఇచ్చింది. బెంజిసర్కిల్ గారు చెప్పినట్టే అదీ మన యాప్ బయట, వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది, పర్మిషన్ లేకుండానే పని చేస్తుంది. ఇమేజ్ పికర్ ప్లగిన్ దాన్నే వాడుతుంది. అయితే ఒక మెలిక ఉంది. రిక్వెస్ట్ ఫుల్ మెటాడేటా అనే ఆప్షన్ మామూలుగా ట్రూలో ఉంటుంది. ఫోటో వెనకున్న పూర్తి వివరాలు కావాలని అడగడం కనుక, పికర్ వాడుతున్నా ఐఫోన్లో పర్మిషన్ పాప్-అప్ వచ్చేస్తుంది. దాన్ని ఫాల్స్ చేయండి. ఈ ఒక్క పదం తెలియక నేను రెండు రోజులు తల పట్టుకున్నాను.

ఇంకొకటి ఐక్లౌడ్. ఫోన్లో చోటు మిగల్చడానికి అసలు ఫోటో క్లౌడ్‌లో, చిన్న నమూనా ఫోన్లో ఉండే సెట్టింగ్ చాలామందికి ఆన్‌లో ఉంటుంది. ఎంచుకున్న వెంటనే ఫైలు చేతికి రాదు, దిగాలి. ఆ సమయంలో స్క్రీన్ మీద ఏమీ కదలకపోతే మనిషి మళ్లీ మళ్లీ నొక్కుతాడు. చిన్న ఫోటో డబ్బా చూపించి, దానిమీద గుండ్రంగా తిరిగేది పెట్టండి. ఆండ్రాయిడ్ పికర్‌లో కూడా క్లౌడ్ ఫోటోలు కనపడతాయి, అక్కడా ఇదే జాగ్రత్త.

కొత్తగా_కోడ్ | జనవరి 18, ఉదయం 10:02

నేను బీటెక్ మూడో సంవత్సరం. చిన్న డౌటు. ఎంచుకోవడానికి పర్మిషన్ అక్కర్లేదంటున్నారు, మరి అక్కడికక్కడ ఫోటో తీయాలంటే కెమెరా పర్మిషన్ కావాలి కదా? మా ప్రాజెక్టు ఫ్లట్టర్ లాంటిదే అయిన రియాక్ట్ నేటివ్‌లో ఉంది, అక్కడ కూడా ఇలాగే ఉంటుందా?

బెంజిసర్కిల్ | జనవరి 18, ఉదయం 10:30

ఆండ్రాయిడ్‌లో ఫోన్ సొంత కెమెరా యాప్‌ను పిలిచి ఫోటో తీయించుకుంటే పర్మిషన్ అక్కర్లేదు. కానీ ఇంకేదో అవసరానికి మానిఫెస్ట్‌లో కెమెరా పర్మిషన్ రాసి ఉంటే మాత్రం అప్పుడు అడిగి తీరాలి. ఐఫోన్లో కెమెరాకు ఎప్పుడైనా అడగాల్సిందే, ఎందుకో ఇన్ఫో ఫైల్లో వాక్యం రాయాలి. ఆ వాక్యం తెలుగులో రాయి. రియాక్ట్ నేటివ్‌లో ఎక్స్‌పో ఇమేజ్ పికర్ చూడు, సూత్రం ఒకటే.

తెనాలి_పద్మ | జనవరి 18, మధ్యాహ్నం 1:47

టెక్నికల్‌గా చెప్పడానికి నా దగ్గర కొత్తది లేదు. ప్రత్తిపాడు తమ్ముడి బాబాయి ఎందుకు భయపడ్డాడో మాత్రం చెప్పాలనిపించింది.

మా మరిది ఒక లోన్ యాప్‌లో 8,000 తీసుకున్నాడు. వేసుకునేటప్పుడే కాంటాక్టులు, ఫోటోలు అన్నిటికీ ఓకే నొక్కించుకుంది. రెండు వాయిదాలు ఆలస్యమయ్యేసరికి మా తోడికోడలి ఫోటోను మార్ఫింగ్ చేసి ఫోన్లో ఉన్న నంబర్లందరికీ పంపుతామని బెదిరించారు. ఇద్దరికి పంపారు కూడా. ఆ ఇంట్లో మూడు వారాలు ఎవరూ సరిగా అన్నం తినలేదు. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, ఫోన్లోని ఫైళ్లు, మీడియా, కాంటాక్టుల జోలికి యాప్‌లు పోకూడదని అందులో ఉంది. మరుసటి ఏడాది ప్లే స్టోర్ కూడా లోన్ యాప్‌లకు ఫోటోలు, కాంటాక్టులు అడగడం నిషేధించింది. కానీ దెబ్బ తిన్నవాళ్ల మనసులో ఆ పాప్-అప్ అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ మా అత్తగారు ఏ యాప్ ఏమడిగినా "వద్దు" నొక్కేస్తారు.

తమ్ముడూ, నీ యాప్ మంచిదే. కానీ ఆ పాప్-అప్ చూసేవాళ్లకు నువ్వెవరో తెలియదు. దయచేసి అడగొద్దు.

ప్రత్తిపాడు_మిర్చి | జనవరి 18, రాత్రి 9:30

పద్మక్కా, మీరు రాసింది చదివాక పాత ప్లగిన్ వెంటనే తీసేశాను. బాబాయి ఎందుకు అంత గట్టిగా మాట్లాడాడో ఇప్పుడు అర్థమైంది.

ఇమేజ్ పికర్ పెట్టాను. పికర్ తెరుచుకుంటోంది, పాప్-అప్ రావడం లేదు. కానీ ప్లే కన్సోల్‌లో కొత్త బిల్డ్ (తయారైన యాప్ ఫైలు) పెట్టినా అదే ఫారం వస్తోంది. నా మానిఫెస్ట్‌లో ఆ పర్మిషన్ లైను లేదు, మూడుసార్లు చూశాను.

బెంజిసర్కిల్ | జనవరి 18, రాత్రి 9:44

నువ్వు రాయకపోయినా వేరే ప్లగిన్ ఏదో తెచ్చిపెట్టి ఉంటుంది. ప్రతి ప్లగిన్‌కు తన మానిఫెస్ట్ ఉంటుంది, బిల్డ్ చేసేటప్పుడు అన్నీ కలిసి ఒకటవుతాయి. ఆండ్రాయిడ్ స్టూడియోలో నీ మానిఫెస్ట్ తెరిచి కింద మెర్జ్‌డ్ మానిఫెస్ట్ ట్యాబ్ నొక్కు. రీడ్ మీడియా ఇమేజెస్ అన్న లైను ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే పేరు ఉంటుంది. ఆ ప్లగిన్ లేకుండా గడవదనుకుంటే, నీ మానిఫెస్ట్‌లో అదే పర్మిషన్ లైను రాసి దానికి టూల్స్ నోడ్ రిమూవ్ అని పెట్టు. ఫైనల్ బిల్డ్‌లోంచి పోతుంది. పాత రీడ్ ఎక్స్‌టర్నల్ స్టోరేజ్ కూడా ఉందేమో చూడు.

కన్సోల్‌లో ఇంకో సంగతి. టెస్టింగ్ ట్రాక్‌లో (విడుదలకు ముందు కొందరికే ఇచ్చే చోట) పాత బిల్డ్ యాక్టివ్‌గా ఉంటే అందులోని పర్మిషన్లూ లెక్కలోకి వస్తాయి. దాన్నీ కొత్త బిల్డ్‌తో మార్చు.

ప్రత్తిపాడు_మిర్చి | జనవరి 18, రాత్రి 10:20

దొరికింది అన్నా. ఫైళ్లు డౌన్‌లోడ్ చేయడానికి ఎప్పుడో వేసిన చిన్న ప్లగిన్ తెచ్చింది. తీసేశాను. టెస్టింగ్ ట్రాక్‌లో కూడా మార్చాను, ఫారం పోయింది.

క్యూఏ_పటమట | జనవరి 19, ఉదయం 8:05

3 జీబీ ఫోన్ సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. నేను టెస్టర్‌ను, నా టేబుల్ మీద అలాంటి ఫోన్లే ఎక్కువ.

యాప్ మూసుకుపోవడానికి కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 × 3000. ఫైలుగా 4 ఎంబీ ఉండొచ్చు కానీ తెర మీద చూపించడానికి విప్పినప్పుడు ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే ఒక్క ఫోటోకు 48 ఎంబీ మెమరీ. పది ఫోటోలు చిన్న గళ్లలో చూపించినా, తగ్గించమని చెప్పకపోతే పదీ పూర్తి సైజులోనే విప్పుతుంది. 480 ఎంబీ. ఆ ఫోన్ ఎలా తట్టుకుంటుంది? ఫ్లట్టర్‌లో ఇమేజ్ విడ్జెట్‌కు క్యాష్ విడ్త్ 300 అని ఇవ్వండి, ఆ సైజుకే విప్పుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. మెమరీ తక్కువున్న ఫోన్లో పికర్ గానీ కెమెరా గానీ పైకి రాగానే ఆండ్రాయిడ్ వెనకున్న మీ యాప్‌ను చంపేయవచ్చు. రైతు ఫోటో ఎంచుకుని వెనక్కి వస్తాడు, యాప్ మొదటి నుంచి తెరుచుకుంటుంది, ఎంచుకున్నది మాయం. అతనికి "యాప్ పని చేయట్లేదు" అనే అనిపిస్తుంది. దీనికి ఇమేజ్ పికర్‌లో రిట్రీవ్ లాస్ట్ డేటా అనే ఫంక్షన్ ఉంది. యాప్ మొదలైన ప్రతిసారీ దాన్ని పిలిచి, పోయిన ఫోటో ఉంటే తిరిగి తెచ్చి చూపించండి. టెస్ట్ చేయడానికి డెవలపర్ ఆప్షన్లలో డోంట్ కీప్ యాక్టివిటీస్ ఆన్ చేస్తే ఏ ఫోన్లోనైనా ఇది కనపడుతుంది. అప్పటిదాకా రాసుకున్న రకం, క్వింటాళ్ల వివరాలు కూడా సేవ్ అయి ఉన్నాయో లేదో అప్పుడే చూడండి.

ప్రత్తిపాడు_మిర్చి | జనవరి 19, రాత్రి 10:58

రెండూ చేశాను మేడమ్. నాన్న ఫోన్లో 15 ఫోటోలు పెట్టినా నిలబడింది. చాలా థాంక్స్.

ఇప్పుడు వీడియో. వీడియోకు మ్యాక్స్ డ్యూరేషన్ 30 సెకన్లు అని పెట్టాను, అయినా 4 నిమిషాల వీడియో ఎంచుకుంటే తీసేసుకుంటోంది. ఊళ్లో సిగ్నల్ ఒకటి రెండు గీతలే. ఆ వీడియో వెళ్లేలోపు బ్యాటరీ అయిపోయేలా ఉంది.

ఆటోనగర్_గేర్ | జనవరి 20, ఉదయం 7:30

ఇది నేను బాగా నలిగిన విషయం, చెబుతాను.

ఆ 30 సెకన్ల హద్దు కెమెరాతో అప్పుడే తీసే వీడియోకు. గ్యాలరీ నుంచి ఎంచుకున్న దానికి ఎంత పొడుగుందో మీరే చూసి, ఎక్కువైతే కత్తిరించుకునే వీలు ఇవ్వాలి. "వీడియో పెద్దది" అని ఎర్ర అక్షరాలతో వెనక్కి పంపకండి, మనిషి విసిగి వదిలేస్తాడు.

సైజు సంగతి: ఐఫోన్ సెట్టింగ్స్‌లో యాపిల్ వాళ్లే రాస్తారు, 1080పీలో సెకనుకు 30 ఫ్రేములతో నిమిషం తీస్తే 60 ఎంబీ చుట్టూ, 4కేలో 170 ఎంబీ. మీ ఊళ్లో అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైటు) వస్తుందనుకుంటే 60 ఎంబీకి 4 నిమిషాలు. అదే 30 సెకన్లకు కత్తిరించి, 720పీకి, 2 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌కు తగ్గిస్తే 7.5 ఎంబీ. అర నిమిషంలో వెళ్తుంది. తగ్గించడానికి నేను మొదట ఎఫ్ఎఫ్ఎంపెగ్ కిట్ వాడేవాడిని, 2025లో ఆ ప్రాజెక్టు ఆపేశారు. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో మీడియా3 ట్రాన్స్‌ఫార్మర్, ఐఫోన్లో ఏవీ అసెట్ ఎక్స్‌పోర్ట్ సెషన్. ఫోన్లోని హార్డ్‌వేర్ ఎన్‌కోడరే వాడతాయి కాబట్టి బ్యాటరీ కూడా తక్కువ తింటుంది.

పంపేటప్పుడు ముక్కలుగా పంపండి. సగంలో సిగ్నల్ పోతే ఆగిన చోటు నుంచే మొదలవ్వాలి. దీనికి టస్ అనే ఓపెన్ ప్రోటోకాల్ ఉంది. అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3లో మల్టీపార్ట్ (ముక్కలుగా పంపే పద్ధతి) వాడితే చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ ఉండాలి. 7.5 ఎంబీ వీడియోకు రెండు ముక్కలే వస్తాయి, అంటే సిగ్నల్ పోయినప్పుడు నష్టం పెద్దది. మీ ఊరికి టస్ మేలు, ముక్క 512 కేబీ పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఈ పని వర్క్ మేనేజర్‌కు అప్పగిస్తే యాప్ మూసినా సిగ్నల్ వచ్చినప్పుడు అదే పంపుకుంటుంది.

ఇక నేను చేసిన పొరపాటు. పికర్ ఇచ్చిన ఫైలు క్యాష్ (తాత్కాలిక) ఫోల్డర్‌లో ఉంటుంది. నేను ఆ దారినే క్యూలో రాసుకున్నాను. ఫోన్ స్టోరేజ్ నిండితే సిస్టమ్ క్యాష్ తుడిచేస్తుంది. ఒక డ్రైవరు రాత్రి ఏలూరు రోడ్డులో ఎంచుకున్న 20 ఫోటోలు తెల్లారేసరికి లేవు, బండి అప్పటికే రిపేరుకు విప్పేశారు. మళ్లీ తీయడానికి వీల్లేదు. ఆయన క్లెయిమ్ కోసం ఎంత తిరిగాడో నాకు తెలుసు. ఎంచుకున్న వెంటనే ఫైలును యాప్ సొంత ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, పంపడం పూర్తయ్యాక తీసేయండి. ఆండ్రాయిడ్ నేటివ్‌లో రాసేవాళ్లకు కూడా ఇదే మాట: పికర్ ఇచ్చిన యూఆర్ఐ (ఫైలు చిరునామా) హక్కు ఫోన్ రీస్టార్ట్ అయితే పోతుంది, నిలవాలంటే టేక్ పర్సిస్టబుల్ యూఆర్ఐ పర్మిషన్ పిలవాలి.

యార్డు_గుమస్తా | జనవరి 20, రాత్రి 8:40

నాకు కోడింగ్ తెలియదు. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే ఖాతా తెరిచాను. గుంటూరు యార్డులో కమీషన్ కొట్లో 22 ఏళ్లుగా గుమస్తాను. ఫోటోలు చూసేది మేమే కాబట్టి మాకేం కావాలో చెబుతాను.

వాట్సాప్‌లో ఇప్పటికే రైతులు పంపుతుంటారు. వాటిని చూసి రేటు మాట్లాడాలంటే భయం. కాయ కొనేది రంగు చూసి. తేజ రకమైనా 334 రకమైనా నిగనిగలాడే ఎరుపా, నల్లబడిందా, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసింది, తొడిమ పచ్చగా ఉందా ఎండిందా, ఇవి తెలియాలి. ఫోటోలో ఒక్కోసారి కాయ నారింజ రంగులో కనపడుతుంది, సరుకు వచ్చాక చూస్తే ముదురు ఎరుపు. రైతు నష్టపోయినట్టే. ఇంకోసారి ఫోటోలో బ్రహ్మాండం, టిక్కీ (మిర్చి బస్తా) విప్పితే తాలు.

నీలం పట్టా మీద ఆరబోసిన కాయ ఫోటోలో ఎప్పుడూ తేడాగా వస్తుంది. గుప్పెడు కాయ తీసి తెల్ల కాగితం మీద పెట్టి, ఎండలో కాకుండా నీడలో తీయమనండి.

వీడియోలో చప్పుడు తీసేయకండి. ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమంటుంది, చేత్తో నలిపితే తెలుస్తుంది తేమ ఎంతుందో. నాకు పదిహేను సెకన్లు చాలు, ఊపి, నలిపి, తొడిమ తుంచి చూపించాలి.

ఫోటో ఎప్పుడు తీసిందో కూడా కావాలి. కిందటేడు ఫోటో పంపిన వాళ్లున్నారు.

ప్రత్తిపాడు_మిర్చి | జనవరి 20, రాత్రి 9:15

గుమస్తా గారూ, మీరు రాయడం నా అదృష్టం. వీడియో చిన్నదవుతుందని చప్పుడు తీసేద్దామనే అనుకున్నాను, ఇప్పుడు ఉంచేస్తాను. ఎంచుకునే స్క్రీన్ కంటే ముందు మీరు చెప్పిన తెల్ల కాగితం బొమ్మ ఒకటి చూపిస్తాను.

రంగు మారడం నేనూ చూశాను. మా చెల్లి ఐఫోన్లో తీసింది ఫోన్లో బాగుంది, సర్వర్ నుంచి తిరిగొచ్చాక వెలిసిపోయినట్టుంది. లొకేషన్ బయటికి పోకూడదని సర్వర్లో మెటాడేటా మొత్తం తీసేస్తున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

లక్ష్మీపురం_సుధ | జనవరి 20, రాత్రి 9:52

ఉంది, అదే కారణం.

ఐఫోన్ ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే రంగుల పరిధిలో ఉంటాయి. మామూలు ఎస్ఆర్‌జీబీ కంటే ఎరుపు, ఆకుపచ్చ ఇందులో ఎక్కువ దూరం వెళ్తాయి. "ఈ అంకెలను పీ3గా చదవండి" అని చెప్పే ప్రొఫైల్ ఫోటో ఫైల్లోనే ఉంటుంది. మెటాడేటాతో పాటు ఆ ప్రొఫైల్‌ను కూడా తీసేస్తే, చూసే ఫోన్ అవే అంకెలను ఎస్ఆర్‌జీబీగా చదువుతుంది. ఎరుపు పాలిపోతుంది. వేరే యాప్‌లో ఈ తేడా ఎవరికీ పట్టదు. మిర్చి యాప్‌లో రైతు జేబుకు తగులుతుంది.

అందుకని వరుస మార్చండి. ముందు ప్రొఫైల్ ప్రకారం ఎస్ఆర్‌జీబీలోకి నిజంగా మార్చాలి. తర్వాత ఓరియంటేషన్ ట్యాగ్ చదివి ఫోటోను అటు తిప్పాలి, లేకపోతే ట్యాగ్ పోయాక ఫోటోలు పక్కకు పడుకుంటాయి. తీసిన తేదీ చదివి డేటాబేస్‌లో పెట్టుకోవాలి. అప్పుడు మిగిలిన మెటాడేటా, ముఖ్యంగా జీపీఎస్, తీసేయాలి. తేదీ లేని ఫోటోకు "తీసిన తేదీ తెలియదు" అని గుమస్తా గారికి చూపించండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలకు ఆ వివరాలు ఉండవు, అంతమాత్రాన అది పాత ఫోటో అని కాదు.

జేపెగ్ చేసేటప్పుడు ఇంకో చిన్న విషయం. మామూలుగా 4:2:0 పద్ధతిలో రంగు వివరాన్ని అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గించి దాస్తారు. కన్ను వెలుగునే బాగా పట్టుకుంటుంది కాబట్టి సాధారణ ఫోటోలకు అది చాలు. కుప్పగా ఉన్న ఎర్ర కాయల అంచులు మాత్రం దాంతో అలుక్కుపోతాయి. దగ్గరగా తీసిన ఫోటో వరకైనా 4:4:4 (రంగు వివరం తగ్గించని పద్ధతి) పెట్టి చూడండి. ఐఫోన్ ఫోటోలు హెచ్ఈఐసీలో (జేపెగ్ కాని ఇంకో ఫోటో ఫార్మాట్‌లో) వస్తే సర్వర్ దాన్ని చదవగలదో లేదో కూడా ముందే చూసుకోండి.

తెనాలి_పద్మ | జనవరి 21, ఉదయం 6:30

జీపీఎస్ తీసేస్తున్నందుకు సంతోషం తమ్ముడూ. కాయ ఇంటి ముందు ఆరబోసేవాళ్లే ఎక్కువ, ఎంత సరుకు ఏ ఇంట్లో ఉందో అందరికీ తెలియకూడదు.

ప్రత్తిపాడు_మిర్చి | జనవరి 25, రాత్రి 9:05

ఆదివారం కదా, పొద్దున్నే ఊరెళ్లాను. జరిగింది రాస్తాను.

మా బాబాయి ఫోన్లో మళ్లీ వేశాను. ఫోటో గుర్తు నొక్కగానే సిస్టమ్ పికర్ తెరుచుకుంది. "ఏమీ అడగలేదేం?" అన్నాడు. నువ్వు ఎంచుకున్నవే నాకొస్తాయి బాబాయ్ అన్నాను. నా మాట నమ్మకుండా సెట్టింగ్స్‌లోకి వెళ్లి పర్మిషన్లు తెరిపించి చూశాడు. ఫోటోలు, వీడియోలు అన్న లైనే లేదు. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని తనే మూడు ఫోటోలు ఎంచుకుని పంపాడు.

నాన్న తెల్ల కాగితం బదులు తెల్ల పంచె పరిచారు. నీడలో నాలుగు ఫోటోలు తీశారు, 18 సెకన్ల వీడియో నేను తీశాను. గట్టు మీద సిగ్నల్ రెండుసార్లు పోయింది, రెండుసార్లూ ఆగిన చోటు నుంచే వెళ్లింది. అన్నీ గుమస్తా గారికి చేరాయి.

ఒకటి మిగిలింది. పక్కింటి రైతు ఫోన్ ఆండ్రాయిడ్ 9ది, దాంట్లో ఫైళ్ల స్క్రీన్ తెరుచుకుంది, అందులో ఫోటోలు వెతుక్కోలేక ఇబ్బంది పడ్డాడు. బెంజిసర్కిల్ అన్నా, మీరు చెప్పిన సర్వీస్ ఎంట్రీ పెట్టాను, అయినా రాలేదు.

బెంజిసర్కిల్ | జనవరి 25, రాత్రి 9:31

ఎంట్రీ పెట్టినంత మాత్రాన పికర్ అప్పటికప్పుడు రాదు. ఆ మాడ్యూల్‌ను ప్లే సర్వీసెస్ వెనకనుంచి దింపుకోవాలి. రాత్రి వైఫైలో ఉంచి రేపు చూడమను. ప్లే సర్వీసెస్ పాతబడి ఉంటే ముందు దాన్ని అప్‌డేట్ చేయాలి. అప్పటికీ రాకపోతే ఆయనకు షేర్ దారి నేర్పు, గ్యాలరీలో ఎంచుకుని నీ యాప్‌కు పంపుతాడు.

యార్డు_గుమస్తా | జనవరి 25, రాత్రి 9:58

బాబూ, మీ నాన్నగారి ఫోటోలు ఇప్పుడే చూశాను. పంచె మీద రంగు సరిగ్గా తెలిసింది. వీడియోలో గింజ చప్పుడు బాగానే ఉంది, ఇంకో రెండు ఎండలు పడితే చాలు. మూడో ఫోటోలో కుడి చివర తాలు కాయ ఐదారు కనపడుతున్నాయి. టిక్కీల్లోకి ఎత్తే ముందే ఏరేయమనండి, యార్డులో ఆ ఐదు కాయలు చూపించే రేటు తగ్గిస్తారు.

ప్రత్తిపాడు_మిర్చి | జనవరి 25, రాత్రి 10:10

నాన్నకు ఫోన్ చేశాను అండీ. అమ్మా, ఆయనా టార్చి వేసుకుని కల్లం దగ్గరికి వెళ్లారట. పొద్దున్న ఏరించాక ఫోటోలు మళ్లీ పెడతారు.